కౌజు పిట్టల్లో మాంసం దిగుబడి: లైను చూసి పిల్లలు తేవడం, మగ–ఆడ విడదీసి అమ్మడం

ఒడిశాలోని గుణుపురం సంతలో నా దగ్గర రెండు జతల కౌజులు కొన్న ఒక పెద్దావిడ తర్వాతి వారం మళ్లీ వచ్చింది. "ఏటి బాబూ, నాలుగూ ఇంచుమించు ఒక్క బరువే తూగాయి గదా, బాగుచేస్తే రెండిట్లో మాంసం తక్కువొచ్చిందేటి?" అని అడిగింది. కాశీనగరం, పర్లాకిమిడి, రాయగడ వైపు కౌజులు పెంచేవాళ్లు కూడా ఫోన్లో ఇదే అడుగుతున్నారు. కొందరు మేత మార్చి చూశారు, ఇంకొందరు టానిక్కులు పోశారు. ఆవిడకు వెళ్లిన నాలుగిట్లో రెండు గుడ్డుకొచ్చిన ఆడపిట్టలు. జవాబు అంతే. కానీ దాన్ని షెడ్డులో లాభంగా మార్చుకోవాలంటే పనులు ఒక వరుసలో చేసుకోవాలి.

ఇదంతా జపనీస్ కౌజు గురించి. మన కొండవార పొలాల్లో తిరిగే పూరేడు పిట్టలకు ఇది వర్తించదు. అడవి పిట్టలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వాటిని పట్టడం, అమ్మడం నేరం. సంతలో ఎవరైనా "గుండురి" అని వల పిట్టలు తెచ్చి మీ గంపలో కలపమంటే ఒప్పుకోకండి.

1. ఏ బరువు గురించి మాట్లాడుతున్నామో ముందు తేల్చుకోండి

ఇద్దరు రైతులు "నాకు 70 శాతం వచ్చింది", "నాకు 62 వచ్చింది" అని వాదించుకుంటారు. తీరా చూస్తే ఒకరు చర్మంతో తూచారు, ఇంకొకరు చర్మం ఒలిచి తూచారు. అందుకని ఈ నాలుగూ పుస్తకం మొదటి పేజీలోనే రాసిపెట్టుకోండి.

- ప్రాణంతో బరువు: మేత ఆపి 4 నుంచి 6 గంటలు గడిచాక తూచినది. పొట్ట నిండా మేత ఉన్నప్పుడు తూచిన అంకె పనికిరాదు.
- డ్రెస్ చేసిన బరువు: తల, పాదాలు, ఈకలు, రక్తం, లోపలి భాగాలు తీసేశాక మిగిలినది.
- చర్మం ఉందా, లేదా: మన వైపు చాలామంది చర్మం ఒలిచేస్తారు. చర్మంతో పాటు దాని కింది కొవ్వూ పోతుంది.
- కార్జం, గుండె, కందనకాయ కలిపారా, లేదా.

డ్రెస్ చేసిన బరువును ప్రాణంతో ఉన్న బరువుతో భాగించి వందతో గుణిస్తే డ్రెస్సింగ్ శాతం వస్తుంది. చర్మంతో చేస్తే కౌజుల్లో ఇది సాధారణంగా 65 నుంచి 75 మధ్య ఉంటుంది. చర్మం తీస్తే ఇంకా తగ్గుతుంది. డ్రెస్ చేసిన పిట్టలో రొమ్ము భాగం మూడో వంతు పైనే, తొడలూ కాళ్లూ కలిపి నాలుగో వంతుకు దగ్గరగా ఉంటాయి.

ఒక మాట ఇక్కడే గుర్తుపెట్టుకోండి, తర్వాత చెప్పేదంతా దాని మీదే నడుస్తుంది: పిట్ట ఎంత బరువు పెరుగుతుందన్నది ఎక్కువగా లైను మీద, అంటే ఒక గుణం కోసం తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చిన వంశం మీద, ఉంటుంది. ఆ బరువులో ఎంత శాతం మాంసంగా చేతికొస్తుందన్నది ఎక్కువగా మగా ఆడా, ఏ వయసులో కోశాం అన్నదాని మీద ఉంటుంది. ఈ రెండిటినీ కలిపేస్తే తప్పు ఎక్కడుందో ఎప్పటికీ తెలియదు.

2. పిల్లలు తెచ్చే ముందు లైను అడగండి

కౌజుల్లో గుడ్ల కోసం పెంచిన లైన్లు వేరు, మాంసం కోసం ఎంపిక చేస్తూ వచ్చిన లైన్లు వేరు. ఒకరోజు పిల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఐదు వారాలకు గుడ్ల లైను పిట్ట 120–150 గ్రాముల దగ్గర ఆగితే, మంచి మాంసం లైను పిట్ట 180 నుంచి 200 దాటుతుంది. షెడ్డు, మనిషి కష్టం రెండిటికీ దాదాపు ఒకటే.

నా మొదటి బ్యాచ్ మాంసం లైను పేరుతోనే వచ్చింది. ఐదు వారాలు దాటినా 140 దగ్గరే నిలిచిపోయాయి. నేను మేత మిల్లు వాడితో గొడవ పడ్డాను, ప్రోటీన్ తక్కువ వేశాడని. ఆరో వారం మొదట్లోనే ఆడపిట్టలు వరసగా గుడ్లు పెట్టడం మొదలుపెట్టాక తెలిసింది, అవి గుడ్ల లైను పిల్లలని. అమ్మినతను నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఉత్తరప్రదేశ్‌లో బరేలీ పక్కన ఇజత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ (ఇంగ్లిషు పొట్టి పేరు కారి) కౌజుల్లో చాలా లైన్లు అభివృద్ధి చేసింది. వాటిలో కారి ఉత్తమ్ మాంసానికి, తెల్ల రొమ్ము ఉండే కారి ఉజ్వల్ కూడా మాంసానికే, కారి పెర్ల్ గుడ్లకు. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నామక్కల్, నందనం కౌజులు కూడా మార్కెట్లో ఉన్నాయి. అయితే పేరు ఒక్కటే చూసి డబ్బు కట్టకండి. ఆ లైను నుంచి తెచ్చిన పేరెంట్ పిట్టలను ఐదారు తరాలు తమలో తామే కలుపుకుంటూ పోతే పేరు మిగులుతుంది, బరువు మిగలదు.

హేచరీ వాళ్లను అడగాల్సినవి:

- ఇవి గుడ్ల లైనా, మాంసం లైనా, రెండిటి క్రాసా?
- పేరెంట్ పిట్టల సగటు బరువు ఎంత? ఏ వయసులో తూచారు? మగ, ఆడ విడిగా చెప్పగలరా?
- మందలోకి బయటి మగపిట్టలను చివరిసారి ఎప్పుడు తెచ్చారు?
- పొదిగించే గుడ్డు సగటు బరువు ఎంత?

రెండో ప్రశ్నకు "మగ ఆడ కలిపి ఇంత" అని జవాబొస్తే ఆ అంకెను నమ్మకండి. ఆడపిట్టలు ఎక్కువ ఉన్న గుంపును తూచితే సగటు పెద్దగా కనిపిస్తుంది. నాలుగో ప్రశ్న ఎందుకంటే, పుట్టిన పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు ఉంటుంది. 12 గ్రాముల గుడ్డు నుంచి వచ్చే పిల్ల 8 గ్రాములు. పెట్టె అందగానే 20 పిల్లలను కలిపి తూచి 20తో భాగించండి. 7 కంటే బాగా తక్కువ వస్తే అవి చిన్న గుడ్ల పిల్లలు, లేదంటే దారిలో ఎండిపోయిన పిల్లలు.

ఈకల రంగు చూసి బరువు అంచనా వేయకండి. తెల్లవి, బంగారు రంగువి, గోధుమవి అన్నిటిలోనూ పెరిగేవి ఉన్నాయి, పెరగనివీ ఉన్నాయి.

3. షెడ్డు, మేత: లైను తేడా కనబడాలంటే ఇవి సరిగ్గా ఉండాలి

పిల్లలు పెంచడం గురించి విడిగా చెప్పుకోవాల్సినది చాలా ఉంది. ఇక్కడ మాంసం లెక్కను చెడగొట్టేవే చెబుతాను.

మొదటి వారం బ్రూడర్ (పిల్లలకు వేడినిచ్చే ఏర్పాటు) కింద 35–37 డిగ్రీలు ఉండాలి. తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీలు తగ్గిస్తూ పోవాలి. రాయగడ వైపు పుష్య మాసం చలి వంశధార ఒడ్డు చలి కంటే గట్టిది. పక్కల గోనె పట్టాలు కట్టకపోతే పిల్లలు గుట్టగా పడి చనిపోతాయి. బతికినవి కూడా వెనకబడతాయి. అప్పుడు "ఈ లైను పెరగదు" అనుకుంటాం. కరెంటు పోతే కాచుకోవడానికి బొగ్గుల కుంపటి గానీ ఇన్వర్టర్ గానీ ముందే సిద్ధంగా పెట్టుకోండి. కుంపటి పెడితే గాలి ఆడే దారి వదలాలి.

నీళ్ల పళ్లెంలో చిన్న గులకరాళ్లు వేయండి. లేకుంటే మొదటి వారంలో పిల్లలు మునిగిపోతాయి.

మేతలో మొదటి మూడు వారాలు ప్రోటీన్ 24–27 శాతం, తర్వాత 20–24 శాతం. కోళ్ల లేయర్ మేత వేస్తే రెండు నష్టాలు: ప్రోటీన్ చాలదు, సున్నం ఎక్కువవుతుంది. మాంసం లైను ఈ తప్పుకు ఎక్కువ నష్టపోతుంది, ఎందుకంటే దాని అవసరమే ఎక్కువ. అదే మేత మీద గుడ్ల లైను పెద్దగా వెనకబడదు. అప్పుడు రెండు లైన్లూ ఒకటే అనిపిస్తాయి. ఐదు వారాలకు ఒక్కో పిట్ట సుమారు అరకిలో మేత తింటుంది. అదే లెక్కతో బస్తాలు తెచ్చుకోండి.

చదరపు అడుగుకు 5–6 పిట్టలు దాటకూడదు.

వెలుతురు గురించి ఎవరూ చెప్పరు కాబట్టి కాస్త వివరంగా. బ్రూడింగ్ అయ్యాక కూడా రాత్రంతా లైటు వేసి ఉంచితే పిట్టలు త్వరగా ఎదిగి గుడ్డుకొస్తాయి. గుడ్ల కోసమైతే 14–16 గంటల వెలుతురు కావాలి. మాంసానికి అమ్మే గుంపుకు మూడో వారం తర్వాత 12 గంటలు మించకుండా చూడండి. ఆడపిట్ట తిన్న మేత గుడ్ల సంచికి పోవడం కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది.

4. మూడో వారంలో మగ, ఆడ విడదీయండి

మొత్తం పనిలో నాకు ఎక్కువ డబ్బు మిగిల్చిన మెట్టు ఇదే. ఖర్చు ఒక మధ్యాహ్నం.

మామూలు గోధుమ రంగు కౌజుల్లో మూడు వారాలు నిండేసరికి రొమ్ము ఈకలు తేడా చెప్పేస్తాయి. మగదాని రొమ్ము ఇటుక రంగుకు దగ్గరగా, మచ్చలు లేకుండా ఒకే తీరుగా ఉంటుంది. ఆడదాని రొమ్ము లేత గోధుమ రంగులో, నల్లటి చుక్కలతో ఉంటుంది. 18 రోజులకే మొదలుపెట్టేవాళ్లున్నారు. అప్పుడు పదిట్లో ఒకటి రెండు తప్పుతాయి. 21 నుంచి 24 రోజుల మధ్య చేస్తే తప్పులు బాగా తగ్గుతాయి.

పని వరుస:

1. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఎండలో పట్టుకుంటే పిట్టలు వేడెక్కి పడిపోతాయి.
2. పక్కన రెండు ఖాళీ గూళ్లు, మధ్యలో "అనుమానం" అని మూడో గంప పెట్టండి.
3. పిట్టను వెల్లకిలా పట్టుకోండి. గొంతు కింద నుంచి రొమ్ము మధ్య వరకు చూడండి. మెడ ఈకలు మాత్రమే చూస్తే మోసపోతారు.
4. స్పష్టంగా తెలిసినవి వాటి గూట్లోకి. రెండు క్షణాలు ఆలోచించాల్సి వస్తే అనుమానం గంపలోకి.
5. అనుమానం గంపను ఐదారు రోజుల తర్వాత మళ్లీ చూడండి.

తెల్ల ఈకల లైన్లలో, తెల్ల రొమ్ము లైన్లలో ఈ పద్ధతి పనిచేయదు. వాటికి ఐదారు వారాలు ఆగాలి. ఎదిగిన మగదానికి మలద్వారం పైన ఉబ్బెత్తుగా ఎర్రటి గ్రంథి కనిపిస్తుంది. మెల్లగా నొక్కితే తెల్లటి నురగ వస్తుంది. ఆడదానికి ఆ నురగ రాదు. ఇందుకోసమే, తెల్ల రొమ్ము పిట్టకు ఈకలు తీశాక చర్మం శుభ్రంగా కనబడి గిరాకీ ఉన్నా, కొత్తగా మొదలుపెట్టేవాళ్లను గోధుమ రంగు లైనుతోనే మొదలుపెట్టమంటాను.

విడదీయడం వల్ల లెక్క తేలడమే కాదు. నాలుగైదు వారాల మగపిట్టలు ఒకదాన్నొకటి, ఆడవాటినీ తల మీద, వీపు మీద పొడుస్తాయి. వీపు చర్మం చిరిగిన పిట్టను చర్మంతో అమ్మలేం.

5. వారం వారం తూకం

మీకు కావలసింది ఒక గ్రాము తేడా చూపించే చిన్న డిజిటల్ కాటా, మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, పుస్తకం. కూరగాయల కాటా 5 గ్రాముల తేడాను చూపదు. 150 గ్రాముల పిట్టలో 5 గ్రాములు చిన్న అంకె కాదు.

- ప్రతి గూటి నుంచి కనీసం 20 పిట్టలు. చేతికి దొరికినవి కాకుండా ఒక మూలను అట్టతో అడ్డగించి ఆ మూలలో ఉన్నవన్నీ తూచండి. చేతికి ముందు దొరికేవి నెమ్మదిగా కదిలేవి, బలహీనమైనవి.
- వారంలో ఒకే రోజు, ఒకే గంట, మేత వేయకముందు.
- మగ, ఆడ విడి కాలమ్‌లలో రాయండి. రెండు లైన్లు ఉంటే నాలుగు కాలమ్‌లు.
- సగటుతో పాటు, సగటుకు పది శాతం అటూ ఇటూ లోపల ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మంచి మాంసం లైనులో ఎక్కువ భాగం ఆ గీత లోపలే ఉంటాయి. ఒకే గూట్లో 120వి, 210వి కలిసి ఉంటే అది కలిపేసిన మంద అయినా కావాలి, మేత పళ్లాలు చాలకపోవడమైనా కావాలి.

రెండు లైన్లలో ఏది మంచిదో చూడాలనుకుంటే రెండూ ఒకే రోజు పొదిగినవి కావాలి. ఒకే షెడ్డు, ఒకే బస్తా మేత, పక్కపక్కన గూళ్లు. సంక్రాంతి బ్యాచ్‌లో ఒకటి, ఏప్రిల్ ఎండల్లో ఇంకొకటి పెంచి పోల్చితే మీరు పోల్చింది లైన్లను కాదు, కాలాలను.

6. పరీక్ష కోత

ప్రతి కొత్త బ్యాచ్‌లో 35వ రోజున 5 మగ, 5 ఆడ కోసి చూడండి. వీలైతే 42వ రోజున మళ్లీ అన్ని. ఎలాగూ ఇంట్లోకో, తెలిసినవాళ్లకో పోయే పిట్టలే, వృథా ఏమీ కాదు.

1. ముందు రాత్రి 4–6 గంటల లెక్కన మేత తీసేయండి. నీళ్లు తీయకండి.
2. ఒక్కో పిట్టను తూచి కాలికి నంబరు దారం కట్టండి.
3. కోశాక రక్తం పూర్తిగా కారనివ్వండి, ఒక నిమిషం పైనే.
4. చర్మంతో కావాలంటే 53–55 డిగ్రీల నీళ్లలో అర నిమిషం ముంచండి. కోడికి వాడే మరుగు నీళ్లు వాడితే కౌజు చర్మం చితికిపోతుంది, అది చాలా పల్చన.
5. లోపలివి తీసేటప్పుడు ఆడదాంట్లో అండాశయం, గుడ్ల సంచి, మగదాంట్లో వృషణాలు పూర్తిగా తీశారో లేదో చూసుకోండి. ఎదిగిన మగకౌజు వృషణాలు ఒంటితో పోలిస్తే చాలా పెద్దవి. లోపలే వదిలేస్తే శాతం అబద్ధం చెబుతుంది.
6. ఐసు నీళ్లలో వేయకముందే తూచండి. నీళ్లలో ఉంచితే పిట్ట నీరు పీల్చుకుని బరువు పెరుగుతుంది.
7. ఆడపిట్టల్లో తీసిన గుడ్ల సంచి, పచ్చసొనలు, కార్జం, పొట్ట కొవ్వు కలిపి విడిగా తూచి రాయండి.

ఏడో మెట్టు మానకండి. పెద్దావిడ అడిగిన ప్రశ్నకు జవాబు ఆ చిన్న గిన్నెలోనే ఉంది. గుడ్డు పెట్టే పిట్టలో పచ్చసొనల గుత్తి, పొడవాటి గుడ్ల గొట్టం, ఒక్కోసారి పెంకుతో తయారైన గుడ్డు కూడా ఉంటుంది. ఆ గుడ్డు ఒక్కటే 10–12 గ్రాములు. గుడ్డుకొచ్చే సమయానికి కార్జం, పేగు కూడా పెరుగుతాయి, పొట్టలో కొవ్వు చేరుతుంది. కాటా మీద ఇదంతా బరువే, చట్టిలో మాత్రం మాంసం కాదు.

7. లెక్క ఎలా వేయాలి

కింది అంకెలు లెక్క చూపడానికి ఊహించుకున్నవి. మీ పుస్తకంలోని అంకెలు ఆ చోట పెట్టుకోండి.

ముందు లైను. గుడ్ల లైను పిట్ట 140 గ్రాములు, డ్రెస్సింగ్ 70 శాతం అనుకుంటే చేతికొచ్చేది 98 గ్రాములు. మాంసం లైను పిట్ట 190 గ్రాములు, 71 శాతం అయితే 135 గ్రాములు. శాతంలో తేడా ఒక్కటే. మాంసంలో తేడా 37 గ్రాములు. లైను మార్చడం వల్ల లాభం శాతంలో కాకుండా బరువులో కనిపిస్తుందని అందుకే అన్నాను.

ఇప్పుడు ఒకే లైనులో మగ, ఆడ. 35 రోజులకు మగది 180, ఆడది 195 అనుకుందాం. మగది 72 శాతం అయితే 130 గ్రాములు. ఆడది 68 శాతం అయితే 133 గ్రాములు. కాటా మీద 15 గ్రాములున్న తేడా చట్టిలోకి వచ్చేసరికి 3 గ్రాములైంది.

ఇంకో పది రోజులు ఉంచారు. మగది 200, ఆడది 235. మగది 73 శాతంతో 146, ఆడది గుడ్డుకొచ్చింది కాబట్టి 64 శాతంతో 150. ఆడదాని బరువు 40 గ్రాములు పెరిగింది, మాంసం 17 గ్రాములే పెరిగింది. ఆ పది రోజుల మేత డబ్బు ఆ 17 గ్రాముల మీద పడింది.

ఎదిగిన కౌజుల్లో ఆడది మగదాని కంటే పది ఇరవై శాతం బరువుండటం మామూలే. కోళ్లకు ఇది తలకిందులు కాబట్టి, కోళ్లు పెంచి కౌజులకు వచ్చినవాళ్లు చాలామంది "బలంగా ఉన్నది మగదే" అనుకుని పొరపడతారు.

8. ఎవరికి ఏవి, ఎప్పుడు అమ్మాలి

మీరు ఎలా అమ్ముతున్నారన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది.

జత లెక్కన, ప్రాణంతో అమ్మేటప్పుడు: మన సంతల్లో ఎక్కువ నడిచేది ఇదే. ధర జతకే కాబట్టి బరువు పెరిగే కొద్దీ మీకు మిగిలేది తగ్గుతుంది. మాంసం లైనైతే 35 రోజులు నిండగానే రెండిటినీ అమ్మేయండి. ఒక మగ, ఒక ఆడ జతగా కట్టడం న్యాయం. కొనేవాళ్లు "బరువున్నది ఇవ్వు" అంటే ఆడవే వెళ్లిపోతాయి, వారం చివర మీ దగ్గర మగవే మిగులుతాయి.

కిలో లెక్కన, ప్రాణంతో అమ్మేటప్పుడు: ఆడపిట్ట అమ్మేవాడికి లాభం, కొనేవాడికి నష్టం. డ్రెస్ చేసి అమ్మే హోటల్ వాళ్లు ఒకటి రెండుసార్లు మోసపోయాక మళ్లీ రారు. బరంపురం, పర్లాకిమిడి హోటళ్లకు నేను ఐదు వారాలు దాటిన ఆడపిట్టలను ఇవ్వను. ఇవ్వాల్సి వస్తే చెప్పి ఇస్తాను.

డ్రెస్ చేసి కిలో లెక్కన అమ్మేటప్పుడు: మగపిట్టలు మీ బంగారం. ఆరు వారాల వరకు ఉంచినా శాతం పడిపోదు. ఆడవాటిని మాత్రం 35 రోజుల దగ్గరే తెగ్గొట్టండి. ఆ తర్వాత ఉంచితే గుడ్ల కోసమే ఉంచాలి. మాంసం కోసమని ఉంచకూడదు.

రొమ్ము ముక్క విడిగా అడిగేవాళ్లకు: లైను చూసి ఇవ్వండి. మాంసం లైనులో రొమ్ము ముక్క పెద్దది. గ్రిల్ చేసేవాళ్లు శాతం కంటే ముక్క సైజు చూస్తారు.

గుడ్లకు గిరాకీ ఉన్న ఊళ్లో ఇంకో దారి ఉంది. మగవన్నీ ఐదారు వారాల్లో మాంసానికి, ఆడవన్నీ గుడ్లకు. ఆడవి ఆరేడు వారాల్లో గుడ్డుకొస్తాయి. అయితే మాంసం లైను ఆడపిట్టలు ఎక్కువ తిని తక్కువ గుడ్లు పెడతాయి. రోజుకు 25–30 గ్రాముల మేతకు గుడ్ల డబ్బు సరిపోతుందో లేదో రెండు వారాలు చూసి నిర్ణయించుకోండి.

9. సొంతంగా పిల్లలు తీసేవాళ్లకు

విశాఖ నుంచి గుణుపురం పాసింజరులో పిల్లల పెట్టెలు తెచ్చి తెచ్చి విసిగి, సొంత ఇంక్యుబేటర్ పెట్టుకున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 17–18 రోజుల్లో పిల్ల వస్తుంది, తేలిక పనే. ఎంపిక దగ్గరే దారి తప్పుతున్నారు.

అందరూ చేసే తప్పు ఇది: మందలో అన్నిటికంటే బరువైన వాటిని పేరెంట్లుగా పక్కన పెడతారు. అందులో పదికి తొమ్మిది ఆడవే ఉంటాయి. మగవి చాలక, మిగిలిన వాటిలో ఏదో ఒక మగదాన్ని వేస్తారు. పిల్లకు సగం గుణం ఆ మగదాని నుంచే వస్తుంది. పైగా ఒక్క మగది ముగ్గురు ఆడవాటి పిల్లలకూ తండ్రి. మందలో బరువు తగ్గడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

సరైన పద్ధతి:

- నాలుగైదు వారాల తూకం రెండు జాబితాలుగా రాయండి, మగ ఒకటి, ఆడ ఒకటి.
- మగ జాబితాలో పైనున్న పదో వంతు, ఆడ జాబితాలో పైనున్న మూడో వంతు తీసుకోండి.
- వాటిలో కాళ్లు వంకరగా ఉన్నవి, రొమ్ము ఎముక వంగినవి, మందకొడిగా ఉన్నవి తీసేయండి.
- ఒక మగదానికి రెండు మూడు ఆడవి.
- ఆడపిట్టలకు ఎనిమిది వారాల వయసు దాటాకే వాటి గుడ్లు పొదుగుకు తీయండి. పెట్టి వారం దాటిన గుడ్లు పొదుగుకు పెట్టకండి.

రెండో ప్రమాదం ఒకే రక్తం కలవడం. కౌజులు దీనికి కోళ్ల కంటే త్వరగా దెబ్బతింటాయి. ముందు గుడ్లు పిల్ల కావడం తగ్గుతుంది, తర్వాత పిల్లలు చావడం, ఆ తర్వాత బరువు. మందను మూడు నాలుగు గూళ్లుగా విడగొట్టండి. ప్రతి తరంలో మొదటి గూటి మగవాటిని రెండో గూటికి, రెండో గూటివి మూడో గూటికి, చివరివి మొదటికి జరపండి. రెండు మూడు తరాలకు ఒకసారి బయటి నుంచి కొత్త మగవాటిని తెండి. పొరుగూరి పెంపకందారు మీ దగ్గరే పిల్లలు కొన్నతనైతే అతని మగవి కొత్తవి కావు.

మాంసం లైను మగదాన్ని గుడ్ల లైను ఆడవాటితో కలిపితే గుడ్లు ఎక్కువ, పిల్లలు ఎక్కువ, పిల్లల బరువు రెండిటికీ మధ్యలో. చిన్న షెడ్డుకు ఇది మంచి ఏర్పాటు. ఆ క్రాస్ పిల్లల్లోంచి మళ్లీ పేరెంట్లను తీయకండి, తర్వాతి తరంలో బరువులు చెల్లాచెదురైపోతాయి.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, చేయాల్సినవి

బరువు బాగుంది, శాతం తక్కువ: ఆడవి గుడ్డుకొచ్చాయా చూడండి. రాకపోతే మేత ఆపకుండా తూచారేమో, చర్మం తీసి చర్మం ఉన్న లెక్కతో పోలుస్తున్నారేమో చూడండి.

మగ, ఆడ రెండూ చిన్నవిగానే ఉన్నాయి: రెండో వారం తూకం పుస్తకంలో చూడండి. అప్పటికే వెనకబడి ఉంటే తప్పు బ్రూడింగ్‌ది. అప్పుడు బాగుండి తర్వాత ఆగిపోతే మేత, లేదా లైను.

ఆడవి మాత్రమే బాగా పెరిగాయి: లైను గుడ్ల వైపుది కావచ్చు. మగవి పొడుచుకుంటూ మేత దగ్గరికి రావడం లేదేమో కూడా చూడండి.

అయిదు వారాలకే గుడ్లు కనిపిస్తున్నాయి: వెలుతురు ఎక్కువైంది. వెంటనే తగ్గించి, ఆడవాటిని ముందు అమ్మేయండి.

అమ్మే రోజు చెక్‌లిస్టు:

- మేత తీసి 4–6 గంటలు అయింది, నీళ్లు ఉన్నాయి
- మగ, ఆడ వేర్వేరు గంపల్లో, గంప మీద గుర్తుతో
- పుట్టిన తేదీ చీటీ గంపకు కట్టి ఉంది
- ఈ బ్యాచ్ పరీక్ష కోత శాతం, మగదీ ఆడదీ, జేబులో రాసి ఉంది
- గంపలు తెల్లవారుజామునే బయల్దేరుతున్నాయి, గాలి తగిలేలా, ఒకదాని మీద ఒకటి పేర్చకుండా
- గుడ్డుకొచ్చిన ఆడపిట్టలు విడిగా ఉన్నాయి, కొనేవాళ్లకు ఆ మాట చెప్పి ఇవ్వడానికి